దెబ్బకో దండం

పోయిన వారం సత్యశ్రీని మనం రాజమండ్రిలో, ఇండోర్ స్టేడియం మూల, తల మీద తువాలు కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చున్న చోట వదిలేశాం. ఏడుస్తోందని వేరే చెప్పక్కర్లేదు. కరాటే ఫైట్‌లో అవతలివాళ్ళ తలకి కాలు తగిలితే మూడు పాయింట్లు. సత్యశ్రీ కాలు తగిలింది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ తగిలింది. జడ్జీల చేతుల్లో జెండాలు మాత్రం ఒక్కసారీ లేవలేదు. ఉత్త చేతి గుద్దులతో ఒక్కొక్క పాయింటే కూడబెట్టుకున్న అవతలి పిల్ల గెలిచి వెళ్ళిపోయింది.

కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళకి రెండు ముక్కలు. ద్రాక్షారామం దగ్గర పల్లెలో వరి పండించే చంద్రరావు కూతురు సత్యశ్రీ. ఇంటర్ అయిపోయింది. ఇంజినీరింగ్ ఎంట్రన్సులో వచ్చిన ర్యాంకు చూసి తండ్రి పల్లెత్తు మాట అనలేదు, నేరుగా విజయవాడలో కోచింగ్ హాస్టల్‌కి ఫోన్ చేశాడు. కూతురేమో వ్యాయామ విద్య చదువుతాను, జ్యోతి మేడమ్‌లాగా కరాటే నేర్పుతాను అంది. ఇల్లు కొన్నాళ్ళు కుతకుత ఉడికాక ఒక ఒప్పందం కుదిరింది. ఈ శనివారం జరిగే సెలక్షన్లలో జిల్లా జట్టుకి ఎంపికైతే పిల్ల మాట నెగ్గినట్టు. కాకపోతే సోమవారం పొద్దున్న విజయవాడ బస్సు. ఇంత పట్టుబట్టిన చంద్రరావు పోటీకి మాత్రం రాలేదు. వస్తే మనసు కరుగుతుందని భయం కాబోలు. తన బదులు తల్లి మాణిక్యాంబని పంపాడు. కారు నడపడానికి బావమరిది సురేంద్ర వచ్చాడు.

ఈ సురేంద్ర రాజమండ్రిలో కార్ల రిపేరు షెడ్డు నడుపుతున్నాడు గానీ, ఒకప్పుడు కోయంబత్తూరు వెళ్ళి ట్రాకు మీద కార్ల రేసులాడిన మనిషి. కప్పుల కంటే పెనాల్టీలే ఎక్కువ తెచ్చుకున్నాడు కనక రూల్సన్నీ కంఠతా వచ్చు. పక్కన కూర్చుని మాణిక్యాంబ పొద్దుట్నుంచి అతని బుర్ర తినేస్తోంది.

“ఎదటిది పడిపోతే మన పిల్ల గెలిచినట్టేనా అబ్బాయ్?”

“కాదండి అత్తయ్యగారూ. దెబ్బ తగిలి పడిపోతే కొట్టినవాళ్ళే అవుట్. కాలు తగలాలి, గాయం అవకూడదు. అదీ రూలు.”

“తగలాలి గానీ తగలకూడదు! మీ కార్ల పందెం కూడా ఇలాగే ఏడుస్తుందా?”

“ఇంతేనండి. సిగ్నల్ పడకముందే కదిలామనుకోండి, పెనాల్టీ. పసుపు జెండా ఊపుతుండగా ముందు బండిని దాటామనుకోండి, అదీ పెనాల్టీయే. ఒక్కోసారి అందరికంటే ముందొచ్చినోడు కూడా ఓడిపోతాడండి.”

“నల్ల బెల్టుకి ఎన్నేళ్ళు పడుతుంది?”

“పిల్లని బట్టండి.”

“ముక్కు పగిలితే?”

“నోట్లో గార్డు, కాళ్ళకి ప్యాడ్లు పెట్టారు కదండి. మన ఊరి రోడ్డు మీద బండి తోలడం కంటే ఇదే నయం.”

“ఇన్ని రూళ్ళు పెట్టుకుని కొట్టుకోకపోతేనేం, ఇంట్లో కూర్చోక?” అంది మాణిక్యాంబ.

మనవరాలు ఓడిపోయాక ఆవిడ ప్రశ్నలు ఆగిపోయాయి. పిల్లని లేవదీసి, స్టేడియం వెనక వరండాలోకి తీసుకెళ్ళి క్యారియర్ విప్పింది. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ ముక్క. సత్యశ్రీ ముద్ద కలుపుతోంది గానీ నోట్లో పెట్టడం లేదు.

అప్పుడు వచ్చింది ఆశాజ్యోతి. పిల్లలందరికీ జ్యోతి మేడమ్. రామచంద్రపురంలో మూతపడ్డ రైసుమిల్లు గోడౌన్ అద్దెకి తీసుకుని కరాటే నేర్పుతుంది. ఆదివారం పొద్దున్న లూథరన్ చర్చిలో పాట పాడే గొంతే సాయంత్రం గోడౌన్‌లో పిల్లల్ని హడలగొడుతుంది. ఇప్పుడు ఆ గొంతులో రెండూ లేవు.

“ఒక మంచి మాట. నిన్ను ఓడించిన అమ్మాయి ఫైనల్‌కి వెళ్ళింది. కాబట్టి నీకు కాంస్యం కోసం ఇంకో ఫైట్ ఉంది. అది గెలిచినా జట్టులో చోటే” అంది.

సత్యశ్రీ తలెత్తింది. సురేంద్ర గట్టిగా “అమ్మయ్య!” అన్నాడు.

“ఆగండి సురేంద్రగారూ. చీఫ్ జడ్జిని కలిసొచ్చాను. కిక్కులన్నీ బాగున్నాయట. అయినా పాయింట్లు ఎందుకివ్వలేదో చెప్పారు.” ఆవిడ సత్యశ్రీ ఎదురుగా గొంతుకూర్చుంది. “సత్యా, కాలు తగిలాక నీ కుడిచెయ్యి ఎక్కడికెళ్తోంది?”

“ఎక్కడికీ వెళ్ళదు మేడమ్. గార్డులోనే, ముఖానికి అడ్డంగానే ఉంటుంది.”

“వీడియో తీశారుగా, చూపించండి” అంది మేడమ్ సురేంద్ర వైపు చెయ్యి చాపి.

ఫోన్ చుట్టూ నాలుగు తలలూ చేరాయి. సురేంద్ర వీడియోని నెమ్మదిగా నడిపించాడు. సత్యశ్రీ కాలు పైకి లేచింది, అవతలి పిల్ల చెవి పక్కన చక్కగా తాకింది, కిందికి దిగింది. దిగుతూండగానే కుడిచెయ్యి గార్డు వదిలి ముందుకెళ్ళింది. వేళ్ళ చివర్లు అవతలి పిల్ల భుజాన్ని ముట్టుకున్నాయి, వెంటనే వెనక్కొచ్చి తన కళ్ళకి తగిలాయి. పుస్తకానికో, పక్కనున్న మనిషికో పొరపాటున కాలు తగిలితే మనమందరం ఏం చేస్తామో అదే చేసింది. రెప్పపాటులో అయిపోయింది. రెండో కిక్‌కీ అంతే. మూడోదానికీ అంతే.

సత్యశ్రీ ముఖం పాలిపోయింది. తన చెయ్యి తనకి తెలియకుండా ఇంత పని చేస్తోందని ఆ పిల్లకి నిజంగానే తెలియదు.

“కిక్ కొట్టి వదిలేస్తే చాలదు” అంది మేడమ్, ముగ్గురికీ కలిపి చెబుతున్నట్టు. “కొట్టాక కూడా చేతులు పైనే ఉండాలి, చూపు ఎదటి మనిషి మీదే ఉండాలి. జపాను భాషలో జాన్షిన్ అంటారు. అది లేకపోతే ఎంత అందమైన కిక్ అయినా సున్నాయే. రాసి ఉన్న రూలే ఇది. ఇన్నేళ్ళు నేర్పాను నీకు. ఈ దండం ఎవరు నేర్పారు?”

“నేనే నేర్పాను. ఏం?” అంది మాణిక్యాంబ.

“మామ్మగారూ, మిమ్మల్ని అనట్లేదండి. కానీ దాని వల్లే పిల్ల ఓడిపోయింది.”

“దండం పెడితే ఓడిపోయే ఆట ఏం ఆటమ్మా? మనిషికి కాలు తగిలితే కళ్ళకద్దుకోకుండా బండరాయిలా నిలబడమంటావా? మా ఇంటికొచ్చిన పనిమనిషికి కాలు తగిలినా నేను కళ్ళకద్దుకుంటాను. అది చూసే ఇది పెరిగింది. గెలుపు కోసం అది మానిపించెయ్యమంటావు. ఇవాళ ఇది మానేస్తే, రేపు ఇంకేం మానిపిస్తావు?”

“మానెయ్యమనట్లేదండి. మ్యాట్ మీద వద్దంటున్నాను. తర్వాత పెట్టుకోమనండి.”

“తర్వాతేంటి? తగిలినప్పుడు కదా తప్పు జరిగింది? నీకు మాత్రం ఆ అలవాటు లేదూ?”

“ఉందండి. మా ఇళ్ళల్లోనూ పెట్టుకుంటాం. కానీ ఫైట్‌లో ఎప్పుడూ పెట్టను.” మేడమ్ గొంతు లేచింది.

సురేంద్ర దగ్గాడు. ఇలాంటి చోట దగ్గకుండా ఉంటే బాగుండేది గానీ, అతనికి ఆ తెలివే ఉంటే అన్ని పెనాల్టీలు వచ్చేవా?

“మేడమ్, ఏమీ అనుకోకండి. పోయిన నెల మీ గోడౌన్‌లో తీసిన వీడియో ఒకటుందండి నా దగ్గర.”

చూపించాడు. జ్యోతి మేడమ్ పెద్ద బెల్టుల పిల్లలతో ఫైట్ చేస్తోంది. కాలు లేస్తోంది, తగులుతోంది, చెయ్యి ముందుకెళ్ళి కళ్ళకి వస్తోంది. వెనక వరసలో ఇద్దరు చిన్నపిల్లలు ఫైట్ చేసుకుంటూ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అదే పని చేస్తున్నారు. మొత్తం గోడౌన్ అంతా తన్నుకుంటూ, తన్నిన ప్రతిసారీ దండాలు పెట్టుకుంటోంది. అందరికీ ఉన్న అలవాటు కనక ఎవరి కంటికీ ఆనలేదు. ఊళ్ళో పిల్లలతోనే పోటీలు పడినన్నాళ్ళూ ఏ ఇబ్బందీ రాలేదు. బయటి జడ్జీలు కూర్చుంటే గానీ బయటపడలేదు.

ఆశాజ్యోతి వరండా మెట్టు మీద కూలబడిపోయింది. “వీళ్ళందరికీ నేర్పింది మామ్మగారు కాదు, నేను” అంది. ఆవిడకి సిగ్గేసింది. ఎదురుగా పెరుగన్నం కలుపుతూ కూర్చున్న శిష్యురాలి ముఖం చూడలేకపోయింది.

మాణిక్యాంబ గెలిచింది గానీ, ఆ గెలుపు ఆవిడకేమీ సంతోషం కలిగించలేదు. జ్యోతి మేడమ్ అంటే ఆవిడకి ఇష్టమే. లోపల మైకులో ఎవరివో పేర్లు పిలుస్తున్నారు.

“అత్తయ్యగారూ, ఒకమాట చెప్పనాండి?” అన్నాడు సురేంద్ర. “నేనోసారి రేసులో వంపు దగ్గర పక్కబండికి రాసుకున్నాను. పాపం అనిపించి చెయ్యెత్తి సారీ చెప్పానండి. ఒంటిచేత్తో వంపు తిరగలేక కంకర్లోకి పోయాను. పైగా తగిలించినందుకు పెనాల్టీ కూడా వేశారు.”

“సారీ చెప్పినా వేశారా?”

“సారీ చెప్పాడని వదిలేస్తే అందరూ గుద్దేసి సారీలు చెబుతారు కదండి.”

ఈ న్యాయం మాణిక్యాంబకి నచ్చింది. తలూపింది. “మరి ఆ మనిషికి సారీ ఎప్పుడు చెప్పావు?”

“రేసయ్యాకండి. ఇద్దరం టీ తాగాం.”

ఆవిడ మనవరాలి వైపు తిరిగింది. “నువ్వేమంటావే? దండం నీది కదా, మాట్లాడు.”

సత్యశ్రీ చేతిలో ముద్ద అలాగే ఉంది. “నాకు తెలియకుండానే వెళ్ళిపోతోంది మామ్మా. ఇప్పుడు తెలిశాక ఆపుదామన్నా భయంగా ఉంది. ఆపితే ఆ అమ్మాయిని నిజంగా తన్నినట్టుంటుంది. పెట్టుకుంటే ఆటలా ఉంటుంది.”

మాణిక్యాంబ చాలాసేపు ఆలోచించింది. ఆవిడ ఆలోచన పొలం వైపే వెళ్తుంది ఎప్పుడూ. ఆవిడకి తెలిసిన ధర్మసందేహాలన్నీ అక్కడే తీరాయి.

“ధాన్యం లక్ష్మీదేవి కదే” అంది చివరికి. “కింద ఒక్క గింజ తొక్కినా కళ్ళకద్దుకుంటాం. అదే కళ్ళంలో ఎండబోసినప్పుడు? కాళ్ళతో దున్నినట్టు తిరగేస్తాం. అడుగడుక్కీ వంగి దండం పెడితే పొద్దుగూకినా పని తెమలదు, ధాన్యం ముక్కిపోతుంది. అందుకని దిగేముందు ఒక్కసారి కళ్ళకద్దుకుని దిగుతాం. ఆ తర్వాత ఎంతసేపు తొక్కినా అది తొక్కడం కాదు, పని.” కొంచెం ఆగింది. “ఇది నాకు ముందే తట్టాలి. కోపంలో తట్టలేదు.”

జ్యోతి మేడమ్ తలెత్తి చూసింది. రూల్ పుస్తకంలో ఇంత బాగా ఎవరూ చెప్పలేదని ఆవిడకి అనిపించింది.

“లే, చెయ్యి కడుక్కో” అంది మాణిక్యాంబ. లేచి, కొంగు దోపి, వరండా మధ్యలో నిలబడింది. “నా భుజానికి కాలు తగిలించు.”

“మామ్మా!”

“మామ్మగారూ, వద్దండి” అంది మేడమ్ కంగారుగా. “నేను నిలబడతాను.”

“నువ్వు నిలబడితే లాభం లేదమ్మా. నన్ను తగిలించి ఊరుకోగలిగితే ఇది ఎవరిని తగిలించైనా ఊరుకోగలదు. కానీవే. మీ నాన్న బస్సు టిక్కెట్టు కొనేశాడు, గుర్తుందా?”

సత్యశ్రీ మ్యాట్ వైపు నడిచినట్టు నడిచొచ్చి మామ్మ ఎదురుగా నిలబడింది. తనకి అన్నం పెట్టి, తల దువ్వి, జ్వరమొస్తే పక్కన పడుకున్న మనిషి. కాలు లేవలేదు. రెండోసారి ప్రయత్నించింది. పాదం మామ్మ భుజానికి అలా తాకిందో లేదో, పిల్ల మొత్తంగా వంగి ఆవిడ కాళ్ళు పట్టేసుకుంది. మాణిక్యాంబ ఆ చెయ్యి మీద చురుక్కుమనేలా ఒక్కటేసింది.

“దండం ముందు పెట్టుకో. ఒక్కసారే. తర్వాత పని.”

సత్యశ్రీ నేలకి చెయ్యి తగిలించి కళ్ళకద్దుకుంది. నిలబడింది. కాలు లేచింది, మామ్మ భుజాన్ని తాకింది, దిగింది. చేతులు గార్డులోనే ఉన్నాయి. చూపు మామ్మ ముఖం మీదే ఉంది. ఇంకోసారి. ఇంకోసారి. చేతులు కదల్లేదు.

మాణిక్యాంబకి లోపల కలుక్కుమంది. అడిగింది తనే. అయినా, పెంచిన పిల్ల కాలు తన ఒంటికి తగలడమూ, పిల్ల అలా ఊరకే నిలబడిపోవడమూ చూస్తే బాధేసింది. ఆ బాధ కనబడనివ్వకుండా చీర భుజం దులుపుకుని, “ఇప్పుడు తిను. పెరుగన్నం పులిసిపోతుంది” అంది.

కాంస్యం ఫైట్‌లో సత్యశ్రీకి ఎదురుపడింది రాజమండ్రి పిల్ల దుర్గాశ్రీ. పొడగరి, చురుకు. సత్యశ్రీకి ఎర్ర బెల్టు, దుర్గాశ్రీకి నీలం బెల్టు కట్టారు. జ్యోతి మేడమ్ మ్యాట్ మూల కోచ్ కుర్చీలో కూర్చుంది. మాణిక్యాంబ కింద ముందు వరసలో చోటు సంపాదించింది. సురేంద్ర, కారు అడ్డంగా ఉందని మైకులో నంబరు పిలిస్తే, తీయడానికి బయటికి పరిగెత్తాడు.

సత్యశ్రీ మ్యాట్ అంచున వంగి, ఒక్కసారి కళ్ళకద్దుకుని లోపలికి దిగింది.

మొదట్లోనే దుర్గాశ్రీ చేతి దెబ్బలతో రెండు పాయింట్లు తీసుకుంది. సత్యశ్రీ తొందరపడలేదు. ఎదటి పిల్ల మళ్ళీ గుద్దడానికి ముందుకొస్తున్నప్పుడు పక్కకి తప్పుకుని కాలు లేపింది. పాదం చెవి పక్కన తాకింది. కాలు దిగింది. చేతులు పైనే ఉన్నాయి, చూపు తిప్పలేదు. ఎర్ర జెండాలు ఒక్కసారిగా లేచాయి. మూడు పాయింట్లు! జ్యోతి మేడమ్ కుర్చీలోంచి లేవబోయి, లేవకూడదని గుర్తొచ్చి రెండు చేతులతో కుర్చీ పట్టుకుంది. సత్యశ్రీకి ఒళ్ళంతా ఆనందం పాకింది. చెయ్యి మాట విన్నది.

అప్పుడు చూసింది, దుర్గాశ్రీ చెవి పట్టుకుని నెమ్మదిగా మ్యాట్ మీద కూర్చుండిపోవడం.

రిఫరీ గడియారం ఆపించి డాక్టర్ని పిలిచాడు. సత్యశ్రీని గీత దగ్గరికి పంపి, వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద కూర్చోమన్నాడు. దెబ్బ తగిలినవాళ్ళని చూస్తున్నంతసేపూ రెండో మనిషి అటు చూడకూడదు, పలకకూడదు, పిలిచేదాకా కదలకూడదు. తగలవలసినంతే తగిలిందని తేలితే పాయింట్లు నిలుస్తాయి. గట్టిగా తగిలిందని డాక్టరంటే సత్యశ్రీ అవుట్, సోమవారం బస్సు. వెనక ఏవో గుసగుసలు. డాక్టరు ఏదో అడుగుతున్నాడు, దుర్గాశ్రీ జవాబు వినబడటం లేదు. అంత గట్టిగా తన్నానా? తనకైతే అలా అనిపించలేదు. కానీ తన చెయ్యి సంగతి కూడా తనకి తెలియలేదు కదా. బస్సు మాట మరిచిపోయి ఆ పిల్లకేమీ కాకూడదని మొక్కుకుంది.

ఎదురుగా జనం. ముందు వరసలో మామ్మ. వెనక జరుగుతున్నదంతా మామ్మకి కనబడుతుంది కనక, సత్యశ్రీ ఆవిడ ముఖమే చూస్తూ కూర్చుంది. ఆ ముఖంలో భయం లేదు. ఏదో తేల్చుకున్నట్టుంది. మాణిక్యాంబ లేచి నిలబడింది. కొంగు భుజం చుట్టూ తిప్పుకుంది. ముందున్న ప్లాస్టిక్ కుర్చీలు పక్కకి జరిపి నడక మొదలెట్టింది.

ఆవిడ లెక్క సూటిగానే ఉంది. సురేంద్ర చెప్పిన రేసు అయ్యాక బండ్లాగినట్టే ఇక్కడా అంతా ఆగిపోయింది. అందరూ నిలబడిపోయారు. అంటే ఆట అయిపోయినట్టే కదా. పరాయిపిల్ల నేలమీద కూర్చుని బాధపడుతోంది, కాలు తగిలింది తన మనవరాలిది, మనవరాల్ని అటు తిరగనివ్వడం లేదు. మరి ఆ పిల్లని ముట్టుకుని కళ్ళకద్దుకోవలసింది ఇంకెవరు?

ఫైట్ ముగిసేలోగా ఎవరి మనిషైనా మ్యాట్ మీద కాలు పెడితే ఆ పక్షానిదే ఓటమి. ఈ రూలు ఎవరూ మాణిక్యాంబకి చెప్పలేదు. ఆవిడ అడగనూ లేదు. సురేంద్ర బయట కారు తీస్తున్నాడు. జ్యోతి మేడమ్ ముఖం తెల్లబోయింది, కుర్చీ వదిలినా కేకేసినా కోచ్ చేసిన తప్పు కిందే రాస్తారు. వాలంటీర్లందరూ దుర్గాశ్రీ వైపు చూస్తున్నారు. పెద్దావిడ, పైగా దండం పెట్టుకోవడానికి చెయ్యి చాపి వస్తోంది, ఎవరు ఆపుతారు?

సత్యశ్రీ తల అడ్డంగా ఊపింది. కళ్ళతో బతిమాలింది. మామ్మ ఆ చూపుని ఇంకోలా అర్థం చేసుకున్నట్టుంది. ‘నేనున్నానుగా’ అన్నట్టు తలూపి, అడుగు వేగం పెంచింది. మ్యాట్ అంచుకి ఇంకా ఒకట్రెండు అడుగులే ఉన్నాయి.

కదిలితే తప్పు. కదలకపోతే ఓటమి.

సత్యశ్రీ లేచి మామ్మకి ఎదురెళ్ళింది.